అక్కయమ్మ పీలిక కదల్లేదు

చాకవేలు చుట్టుపక్కల ఏ ఇంటికి కొత్తగా పట్టుపురుగులు వచ్చినా మొదటి ఆకు అక్కయమ్మ చేతనే వేయించేవారు. ఆ ఇంటివాళ్ళు పొద్దున్నే బండి పంపుతారు. ఆమె వెళ్ళి, గడప ముందు సున్నం నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని, పురుగులింట్లోకి పోయి, గోరంత పొడవున్న పురుగుల మీద గుప్పెడు లేత మల్బరీ ఆకు చల్లి, మాట్లాడకుండా బయటికి వచ్చేస్తుంది. కాఫీ కూడా తాగదు. ఆ తర్వాత పట్టుగూళ్ళు విప్పేదాకా ఆ ఇంట్లోకి బయటివాళ్ళెవరూ అడుగు పెట్టరు. రోగం తగులుతుందని ఒక భయం, దిష్టి తగులుతుందని ఇంకో భయం. ఏ భయం ఎంతో విడదీసి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

చెయ్యి మంచిది అంటారు ఆమెను. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఇంట్లో పంట పోయింది రెండేసార్లు. ఎండ ముదిరిన రోజు కూడా ఆమె థర్మామీటరు చూడదు. తలుపు సందు దగ్గర చెంప పెట్టి చూస్తుంది. "చెంపకు చల్లగా తగలాల. చెవికి వాన పడినట్ల వినబడాల. అంతేనప్పా ఈ పని" అంది నాతో. వాన అంటే వేల పురుగులు ఒకేసారి ఆకు కొరికే చప్పుడు. ఒకసారి తలుపు బయట నిలబడి నేనూ విన్నాను. నిజంగానే చెట్ల మీద పడే సన్నవాన.

మొన్నటి ఎండాకాలంలో జరిగిన సంగతి ఆమె నాకు నాలుగు దఫాలుగా చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు తప్పంతా గోడకు తగిలించిన పెట్టెది. రెండోసారి తప్పు ఆ పెట్టె తెచ్చిన పిల్లది. మూడోసారి ఎండలది. నేను అడ్డం చెప్పలేదు. చేటలో చెనక్కాయలు వలుస్తూ కూర్చున్నాను. నాలుగోసారికి గాని అసలు మాట బయటికి రాలేదు.

అసలు మాట కెంపమ్మ.

కెంపమ్మ ఆమెకు యారాలు, అంటే మరిది బయ్యప్ప పెళ్ళాం. అన్నదమ్ములు పన్నెండేళ్ళ కిందట వేరుపడ్డప్పుడు పురుగులిళ్ళు రెండూ పక్కపక్కనే కట్టుకున్నారు. పెరటి నడుమ ఒకటే పిట్టగోడ. కెంపమ్మ కొత్త పురుగులింట్లో మొదటి పంటకు అక్కయమ్మ స్నానం చేసి, చీర మార్చుకుని, పిలుపు కోసం గుమ్మంలో కూర్చుంది. పిలుపు రాలేదు. గోడ అవతలి నుంచి మాట వచ్చింది.

"నా పురుగులకు నా చెయ్యి చాల్లేక్కా. నువ్వు యాడ కష్టపడతావు!"

ఆ మాటలో విరుపు లేదని కృష్ణప్ప అంటాడు. ఆయన అక్కయమ్మ భర్త, ఎవరి మాటలోనూ విరుపు కనబడని మనిషి. అక్కయమ్మ మాత్రం ఆ రోజు నుంచి కెంపమ్మ గడప తొక్కలేదు. కెంపమ్మ కూడా ఆమె పురుగులింట్లోకి రాలేదు. రోగం అంటుతుందని ఇద్దరికీ ఒక మంచి సాకు దొరికింది.

కెంపమ్మ పంటలు ఏదో ఒక మాదిరిగా వచ్చేవి. ఆమె ఇంటికి సిమెంటు రేకులు, పడమటి తలుపు. పాలు పోయడానికి డైరీకి పోయిందంటే అక్కడ నలుగురితో నవ్వి గాని తిరిగిరాదు. చల్లదనానికి తడిపి ఉంచాల్సిన కిటికీల గోనెపట్టలు ఎండిపోయి బరబరమంటుంటాయి. "ఎడం చేత్తో పంట తీస్తాది. ఆ నవ్వు మాత్రం కుడిచేత్తో నవ్వుతాది" అంది అక్కయమ్మ.

ఇట్లా ఉండగా వినుత వచ్చింది.

వినుత చింతామణి పిల్ల. వాళ్ళ నాయన శ్రీరామయ్య అక్కడి బజారులో పట్టు రైతులకు వలలు, సున్నం, పురుగులు గూళ్ళు కట్టుకునే చంద్రికలు అమ్ముతాడు. బెంగళూరులో చిత్రకళ చదువుకుని వచ్చిన ఈ పిల్ల, చాకవేలు వైపు పన్నెండు పురుగులిళ్ళు ఎంచుకుని, ఒక్కో ఇంట్లో సబ్బుపెట్టెంత తెల్లటి పెట్టె తగిలించింది. ఊళ్ళో వాళ్ళు ఒప్పుకున్నది శ్రీరామయ్య ముఖం చూసే. ఆ పెట్టె ఇంటి వేడినీ తేమనూ నిమిషానికొకసారి కొలిచి, పంచాయతీ మిద్దె మీద పెట్టిన ఇంకో పెద్ద పెట్టెకు చెబుతుంది. అది అక్కడి నుంచి నెట్‌లో చింతామణికి చెబుతుంది.

"ఇది రేషమె ఇలాఖె వాళ్ళదా మా?" అని అడిగింది అక్కయమ్మ, సర్కారు పట్టుశాఖ గుర్తొచ్చి.

"కాదమ్మా, నాదే. ఇది ఆర్ట్."

"ఆర్టంటే బొమ్మ గదా. బొమ్మ యాడ?"

"బొమ్మ నేను గీయనమ్మా. మీ ఇల్లు గీస్తుంది."

అక్కయమ్మ ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, చదువు ఎక్కువైందని అనుకుంది. అయినా పెట్టె తగిలించనిచ్చింది. కెంపమ్మ అప్పటికే తగిలించుకుంది మరి.

మార్చి నెలలో పన్నెండు ఇళ్ళవాళ్ళనూ టెంపోలో ఎక్కించి చేళూరు మీదుగా చింతామణికి తీసుకుపోయారు. మూతబడిన ఒక నూనె మిల్లులో ప్రదర్శన. నలభై రోజులు ఉంటుందట. పాత యంత్రాలు తీసేసిన పెద్ద హాలు. పైకప్పు నుంచి పన్నెండు పట్టు పీలికలు వేలాడుతున్నాయి. ఒక్కోటి మనిషి నిలువుకు రెండింతలుంది, మూరెడు వెడల్పు, రంగు వేయని పచ్చి పట్టు. పైన ఒక్కోదానికి చిన్న మోటరు. కింద చెక్కపలక మీద ఇంటి పేరు గాని, యజమాని పేరు గాని లేదు. పురుగులను చూసుకునే ఆడమనిషి పేరు ఉంది. అక్కయమ్మ తన పేరు అచ్చులో చూసుకోవడం ఓటరు చీటీ తర్వాత అదే.

పేరు బాగుంది. పీలికే బాగాలేదు. దండెం మీద ఆరేసి మరిచిపోయిన గుడ్డలా నిలువుగా వేలాడుతోంది.

పక్కనే కెంపమ్మ పీలిక లేస్తోంది, మెలితిరుగుతోంది, జారి మళ్ళీ ఎగురుతోంది. జనం దాని కిందే గుమిగూడారు. బెంగళూరు నుంచి వచ్చిన వాళ్ళు తల పైకెత్తి నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"అక్కా, ఇట్ల రా! నాది సూడు ఎట్ల ఎగుర్తాండాదో!" అని కెంపమ్మ హాలు మధ్యలో నుంచి కేక వేసింది. "మా ఆయప్ప నన్ను సూసి ఒక దినమన్నా ఇట్ల ఎగిరింది లేదు!"

"ఎగిరితే నడుము పట్టేస్తాదని భయమే" అన్నాడు బయ్యప్ప. అందరూ నవ్వారు.

అక్కయమ్మ వినుతను పక్కకు పిలిచింది. "మా, నాది చెడిపోయినట్టుండాది. మోటరు తిరగలేదు, సూడు."

వినుత ఫోనులో చూసింది. "చెడిపోలేదమ్మా. పొద్దుటి నుంచి మీ ఇంట్లో వేడి అర డిగ్రీ కూడా మారలేదు. ఇల్లు మారితేనే పట్టు కదులుతుంది."

కొత్త పంట వచ్చే వారం ముందు నుంచే ఇల్లు చల్లబరచి పెట్టడం అక్కయమ్మ పద్ధతి. పురుగు లేకపోయినా గోనెపట్టలు తడుపుతూనే ఉంటుంది. ఆ రోజు టెంపో ఎక్కేముందు కూడా తడిపి వచ్చింది.

"అంటే, బాగా సూసుకున్న ఇల్లు ఊరికే వేలాడల్ల. సూసుకోని ఇల్లు ఎగరల్ల. అంతేనా మా నీ ఆర్టు?"

ఆ పిల్ల ఇబ్బందిపడింది. "కదలకుండా ఉండటం కూడా ఒక అందమేనమ్మా. నిజం చెప్పాలంటే నాకు మీదే ఇష్టం."

ఆటలో ఓడిన పిల్లకు బెల్లంముక్క పెట్టినట్టు అనిపించింది అక్కయమ్మకు. నాకు మాత్రం ఆ పిల్ల మాట అబద్ధమని తోచదు. తర్వాత నేను కూడా వెళ్ళి చూశాను. పదకొండు పీలికలు ఊగే చోట ఒకటి ఊగకుండా ఉంటే, ఎంతసేపు నిలబడినా చూపు దాని మీదికే పోతుంది. కానీ ఈ మాట అక్కయమ్మతో అంటే, "నువ్వు కూడా చదివినోడివేలే" అంది.

వారం తిరక్కముందే పేపర్లో కెంపమ్మ ఫోటో పడింది, తన పీలిక కింద నడుం మీద చెయ్యి పెట్టుకుని. ఎవరో తీసిన వీడియో బాగేపల్లి బస్టాండు దాకా అందరి ఫోన్లలో తిరిగింది. వినుత పన్నెండు ఇళ్ళకూ ఒక లింకు పంపింది. దాన్ని నొక్కితే పన్నెండు పీలికలూ ఆ క్షణాన ఎట్లా ఉన్నాయో ఫోనులోనే కనబడతాయి. అక్కయమ్మ కృష్ణప్ప ఫోను తీసుకుని ఆకు కోయడానికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, అన్నం తింటూ ఒకసారి చూసేది.

"సంబంధం సూసినట్ల సూస్తాండావే!" అన్నాడు కృష్ణప్ప. "గుడ్డ ఎగిరితే ఏమి, ఎగరకుంటే ఏమి?"

"నీకేం తెలుసు. ఊరంతా దాని గుడ్డే సూస్తాండాది."

ఊరు గుడ్డ చూడటంతో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోను. ఊరి అవతలి కొసన ఉండే వెంకటరాయప్పకు కొత్త పురుగులు వచ్చాయి. ఆయన బండి ఇంటి ముందు ఆగిన చప్పుడు విని అక్కయమ్మ కొంగు సర్దుకుంది. ఆయన ఆమె గుమ్మం వైపు చూడకుండా పక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. చూడకుండా ఉండటం కుదరక, తల గోక్కుంటూ వచ్చాడు.

"మా కోడలు పేపర్లో సూసిందంట అక్కయమ్మా. ఈ తూరి కెంపమ్మ చెయ్యి వేయిద్దాం, ఆమె ఇప్పుడు పేరు మీద ఉండాది అనింది. నువ్వేం అనుకోవద్దు తల్లీ."

"నేనేం అనుకుంటానప్పా. పిలుచుకోపో."

కెంపమ్మ మొదట రానంది. "అక్క ఉండగా నేనేందప్పా" అని గొణిగింది. రెండోసారి అడిగితే చీర మార్చుకుని బండెక్కింది. ఆ చీర బెండకాయ రంగుదని, అంచు ఎర్రదని అక్కయమ్మకు ఈ రోజుకూ గుర్తే. ముప్పై నాలుగేళ్ళు తనకు వచ్చిన బండి. వెనక సీటు మీద తనకన్నా పదేళ్ళు చిన్నది, పదింతలు సోమరిది. "కడుపులో ఎండుమిరక్కాయ పొగ పెట్టినట్టు ఉండె" అని చెప్పింది నాకు.

ఆ మధ్యాహ్నమే ఆమె పెట్టెతో పోటీకి దిగింది. సొట్ట గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, స్టూలెక్కి, తెల్ల పెట్టె కింద పట్టుకుంది. ఇంకో చేతిలో ఫోను. ఆవిరి తగలగానే ఫోనులో ఆమె పీలిక కప్పు దాకా లేచింది. పురుగులింట్లో ఒంటరిగా స్టూలు మీద నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

పది నిమిషాలకు ఫోనులో ఆమె పీలిక బూడిదరంగుకు మారి ఆగిపోయింది. ఇంకో పది నిమిషాలకు వినుత ఫోను చేసింది.

"అమ్మా, మీ పెట్టె ఏదో తప్పు చెబుతోంది. ఉన్నట్టుండి అరవై డిగ్రీలు చూపించింది. పురుగులింట్లో అంత వేడి ఉండదు కదా, అందుకని కంప్యూటరే దాన్ని పక్కన పెట్టేసింది. ఏమైనా తగిలిందా?"

"బల్లి ఏమన్నా ఎక్కిందేమో మా."

"బల్లి ఎక్కితే అరవై రాదమ్మా" అని ఆ పిల్ల నవ్వి, అక్కడి నుంచే సరిచేసింది.

"పెట్టెకు అబద్ధం చెప్తే పట్టుకుంటాదని తెలిసె" అంది అక్కయమ్మ, నాలుగో దఫాలో, చేటలోకి చూస్తూ. "అందుకని నిజమే మార్చినా."

ఆమె చేతిలో ఉన్న పంట అప్పుడు నాలుగో జ్వరం లేచింది. పట్టుపురుగు నాలుగు మార్లు మేత మాని కదలకుండా పడుకుని చర్మం వదులుతుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగోది లేచాక వారం రోజులు ఆకలి మీద ఉంటుంది, ఎంత ఆకు వేసినా చాలదు. ఆ వారం ఇల్లు ఒక్క తీరుగా ఉండాలి. వేడి ఎక్కి దిగితే పురుగు ఓర్వదు. ఇది అక్కయమ్మ పది ఊళ్ళవాళ్ళకు చెప్పిన పాఠం.

పన్నెండున్నరకు, మిట్టమధ్యాహ్నం, ఆమె పడమటి కిటికీల తడి గోనెపట్టలు తీసి పక్కన పెట్టింది. చాకవేలు ఏప్రిల్ గాలి లోపలికి కొట్టింది. గంట ఆగి కిటికీలు మూసి, నేల మీద నాలుగు బిందెల నీళ్ళు పోసింది. ఇల్లు వేడెక్కి, చల్లబడింది. చింతామణిలో పట్టు లేచి, పడి, మళ్ళీ లేచింది. ఈసారి బూడిదరంగు రాలేదు. నిజాన్ని ఏ కంప్యూటరూ పక్కన పెట్టదు.

రెండో రోజు మళ్ళీ. వినుత ఒక వీడియో పంపింది. అక్కయమ్మ పీలిక కింద జనం. ఒక చిన్నపాప పీలికతో పాటు చేతులు పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తుతోంది. దాన్ని ఆమె పదకొండుసార్లు చూసింది. మూడో రోజు మళ్ళీ. గంటే కదా, గట్టి పురుగులు, తట్టుకుంటాయిలే అని తనకు తానే చెప్పుకుంది. ఇంకెవరైనా ఆ మాట అంటే చీవాట్లు పెట్టేది.

నాలుగో రోజు పొద్దున ఆకు వేసి తలుపు దగ్గర నిలబడింది. లోపలి వాన సన్నబడింది.

లోపలికి వెళ్ళి చూసింది. ఆకు పరిచిన అరుగుల అంచుల మీద కొన్ని పురుగులు దారి తప్పిన వాటిలా ఊరికే తిరుగుతున్నాయి. వాటి ఒంట్లో కణుపు కణుపూ ఉబ్బి ఉంది. ఒకదాన్ని వేలితో తాకితే చర్మం చిట్లి పాలలాంటి నీరు కారింది. పాలరోగం. ఒక్క పురుగు కార్చిన ఆ నీరు ఆకు మీద పడితే వందకు అంటుతుంది. ఏం అవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేటలో సున్నం పోసుకుని, జబ్బు పురుగులను ఒక్కొక్కటే ఏరి అందులో వేసింది. కృష్ణప్ప అడిగితే "ఎండలకి" అంది. ఆయన నమ్మాడు.

సున్నం చేట పట్టుకుని పెరట్లోకి వస్తుంటే గోడ అవతలి నుంచి పిలుపు.

"అక్కా! ఈ దినం ఎన్ని గంటలకు తెరుస్తావు?"

"ఏమి తెరిచేది?"

"కిటికీలక్కా. నిన్న పన్నెండున్నరకు తెరిస్తివి గదా. నీ పీలిక ఎగరంగానే నేనూ పరిగెత్తి తెరిస్తి. ఈ దినం ఇంకా నీది కదల్లేదు. అందుకే అడుగుతాండా."

అక్కయమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చేటను నేల మీద పెట్టేసింది.

కెంపమ్మ గోడ మీద గడ్డం ఆనించి చెప్పుకుపోతోంది. "నా ఇల్లు నువ్వు సూడవు, నీ ఇంట్లోకి నేను వచ్చేదానికి లేదు. ఆ పిల్ల పెట్టె తగిలించినాక గదా నీ ఇల్లు నాకు కనబడె! దినామూ ఫోను ఎదురుగ్గా పెట్టుకుంటా. నాది ఎగరంగానే గోనెపట్టలు తడిపేది, నీది మాదిరి నిలబడేదాకా తడిపేది. జనం ఎగుర్తాంది ఎగుర్తాంది అని ఫోటోలు తీస్తాంటే లోపల నాకి సిగ్గక్కా. నా ఇల్లు బాగలేక ఎగుర్తాందని నాకు తెలీదా?"

"మరి… తెరిచేది ఎందుకు?"

"నువ్వు తెరిస్తివి గదా! ఇంత ఎండలో అక్క తెరిచిందంటే ఏదో ఉపాయం ఉంటాది, గాలి ఆడాలేమో అనుకుంటి. రెండు దినాలు తెరిచినా. అదేందో పొద్దుట్నించి పురుగులు నాలుగైదు అంచులకు ఎక్కి తిరుగుతాండాయి. అట్లనే తిరగల్లనా?"

అక్కయమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఎంతసేపు చెప్పలేదని నేను అడిగాను. "కొళాయి కింద బిందె నిండేంత" అంది. ఆ బిందె నిండేంత సేపు ఆమె ఏం లెక్క వేసిందో కూడా దాచలేదు. నోరు మూసుకుంటే చాలు, కెంపమ్మ పంట పోతుంది. ఎండలకు పోయిందంటారు. వెంకటరాయప్ప కోడలు పేపరు మాట మరిచిపోతుంది. బండి మళ్ళీ ఈ గుమ్మం ముందు ఆగుతుంది. తన పంట కూడా పోతే పోనీ, ఇద్దరిదీ పోతే ఎండలదే తప్పు. తను ఒక్క మాట కూడా అబద్ధం ఆడక్కర్లేదు.

అప్పుడు కెంపమ్మ, ఇంకేమీ తెలియకుండా, "లోపలికి రాక్కా. ఒక తూరి నీ కంటితో సూసి చెప్పు" అంది.

పన్నెండేళ్ళు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన పిలుపు. ఆమె కాలు నిజంగానే ఒక అడుగు ముందుకు పడింది. పడి ఆగింది. చేతుల నిండా సున్నం, సున్నం కింద పాలరోగం. ఈ చేతులతో ఏ పురుగులింటి గడపా తొక్కకూడదు. శత్రువు ఇంటి గడపైనా సరే. ముప్పై నాలుగేళ్ళలో ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు తప్పాలంటే శరీరం వినలేదు.

"నేను రాకూడదే" అంది. "నా చేతులకు పాలరోగం ఉండాది."

కెంపమ్మ గడ్డం గోడ మీది నుంచి లేచింది. "నీ ఇంట్లోనా?"

"ఊ."

"నీ ఇంట్లో పాలరోగమా! ఎట్ల?"

"ఉపాయమేం లేదే కెంపీ. నా పీలిక కూడా ఎగరల్లని తెరిచినా. అంతే."

కెంపమ్మ గొంతు వచ్చింది, ఎప్పటి గొంతు కాదు. "నేను నిన్ను సూసి నేర్చుకుంటాంటే, నువ్వు నన్ను సూసి చెడిపోతివా?"

"తిట్టుదువులే గాని, ముందు కిటికీలు మూయి."

"నా పురుగులు గదక్కా! నీకి అంత కడుపుమంటా?"

"ఉండాది. మూయి పో! తిరిగే పురుగులను తాకొద్దు, చీపురుపుల్లతో సున్నంలోకి తోయి. తడి ఆకు వేయొద్దు. ఒక్కో అరుగు తీసినాక చేతులు కడుగు. పో!"

ఆ రోజు, మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా అక్కయమ్మ గోడకు ఇవతల నిలబడి కేకలు వేసింది. అవతల కెంపమ్మ తిడుతూ చెప్పినట్టు చేసింది. గోనెపట్టలు గంటకోసారి తడిపింది. డైరీకి బయ్యప్పను పంపింది. అక్కయమ్మ కేకకూ కేకకూ మధ్య తన ఇంట్లోకి పరిగెత్తి ఏరుకునేది. రెండిళ్ళ మగవాళ్ళు ఆకు మోసి పోశారు, ఏం జరిగిందని అడగలేదు. అడిగితే ఎవరు ఎవరిని తిడతారో తెలియక.

కెంపమ్మ ఒకరోజు ఆలస్యంగా తెరిచింది, రెండు రోజులే తెరిచింది. ఆమె పంట ముక్కాలు పైగా నిలిచింది. అక్కయమ్మది సగం కూడా దక్కలేదు. చంద్రికల మీద ఆమె గూళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. కెంపమ్మవి మల్లెపూల బుట్ట బోర్లించినట్టు దిగాయి. శిడ్లఘట్ట మార్కెట్టుకు రెండిళ్ళ మూటలూ ఒకే బండిలో పోయాయి. పెద్ద మూటలు ఎవరివో తెలియకుండా ఉండాలని అక్కయమ్మ తన రెండింటినీ అడుగున పెట్టించింది.

ప్రదర్శన ఆఖరి పది రోజులు నేను చింతామణికి రెండుసార్లు వెళ్ళాను. కెంపమ్మ పీలిక నిలువుగా, నిశ్చలంగా వేలాడుతోంది. ఫోనులో వీడియో చూసి వచ్చినవాళ్ళు దాని కింద కాసేపు నిలబడి, ఎగరకపోతే నిరాశపడి పక్కకు పోతున్నారు. వినుత దాని ముందు చాలాసేపు కూర్చుంది. "ఈ ఇంట్లో ఏదో జరిగింది" అంది నాతో. "అంకెల్లో కనబడుతోంది, ఏమిటో తెలియడం లేదు." నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉన్నా చెప్పేవాణ్ణి కాదనుకుంటాను.

ఈ సంగతి ఆ నాలుగో దఫాలో అక్కయమ్మకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"తెలుసు. దినామూ సూస్తాండా" అంది. "నేను నిలబెట్టినప్పుడు అర డిగ్రీ లోపల మారేది. కెంపి పావు డిగ్రీ మారనిస్తాండ్లేదు. నేను కేకలేసి నేర్పితే నన్ను మించిపోయె."

"మంచిదే కదా" అన్నాను.

"ఏం మంచిదప్పా?" అని చేటలో గింజలు నా వైపు తోసింది. "ఇంకొకటి విను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు అది. వెంకటరాయప్ప వచ్చి, అక్కయమ్మ ఇంట్లో పంట ఎట్ల పోయె అని దాన్నే అడిగినాడు. నేను తలుపు వెనకే ఉండా. ఎండలప్పా, ఈ ఏడు అందరికీ అంతే అనె. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు. బయ్యప్పకు కూడా చెప్పలేదంట. ఊరంతా చాటింపు వేసింటే నేనూ నాలుగు అనేసి చల్లబడుదును. అది చెప్పలేదు. ఆ పెద్దతనం కూడా దానికే పోయె!"

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నిజంగా మండిపోతోంది.

కాసేపటికి నా సంచిలోని పుస్తకం వైపు చూపించింది. "రాస్తావు గదా నువ్వు. ఇది రాయి. పేర్లు మార్చొద్దు. అక్కయమ్మే తన నోటితో చెప్పుకునిందని రాయి. రేపు అది ఎప్పుడన్నా చెప్పినా, నేనే ముందు చెప్పినట్టు ఉండల్ల. ఇదొక్కటన్నా నాది ముందుండనీ."

రాసుకున్నాను. గోడ అవతల గిన్నెలు కడిగే చప్పుడు ఆగింది.

"ఎవరితోనక్కా మాట్లాడతాండావు?"

"నీ గురించి కాదులే, పని సూసుకో!" అంది అక్కయమ్మ.